ఇష్టపడి పెట్టిన షాపు మూసి, ఇల్లు గడిచే వ్యాపారంలోకి మారేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

విజయనగరంలో చేనేత చీరలు, పొందూరు ఖద్దరు అమ్మే చిన్న షాపు నడిపాను. ఇప్పుడు అదే ఊళ్లో ప్యాకింగ్ సామాన్లు అమ్ముతున్నాను: స్వీటు డబ్బాలు, కర్రీ పాయింట్ల కవర్లు, విస్తళ్లు, టేపులు. ఈ సంగతి తెలిసినవాళ్లు, వాళ్లకి తెలిసినవాళ్లు ఫోన్ చేస్తూనే ఉంటారు. ఒకరిది బొటిక్, ఒకరిది ఫొటో స్టూడియో, ఒకరిది కేకులు, ఇంకొకరిది పాత పుస్తకాల కొట్టు. ఊరూ సరుకూ మారతాయి గానీ ప్రశ్నలు మాత్రం మారవు. అందుకే ఒకచోట రాసి పెడుతున్నాను, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి.

## ఇంకా ఊగిసలాటలో ఉన్నప్పుడు

అక్కా, షాపు నడుస్తోంది గానీ నెలాఖరుకి చేతిలో ఏమీ ఉండట్లేదు. దీన్ని నష్టం అనాలా?

ముందు మీ జీతం లెక్కలో రాయండి, అప్పుడు చెప్తాను. ఇష్టంతో పెట్టిన షాపుల్లో తొంభై పాళ్లు ఈ ఒక్క లైను రాయరు. ఉదాహరణకి నెల అమ్మకం లక్షా ఇరవై వేలు అనుకుందాం. అందులో సరుకు కొన్న ఖరీదు 78,000, అద్దె 12,000, అమ్మాయి జీతం 9,000, కరెంటూ ఫోనూ కొరియరూ కలిపి 5,000. మిగిలింది 16,000. బాగానే ఉందనిపిస్తుంది. కానీ బీరువాల్లో ఆరు లక్షల సరుకు ఉంది, ఆ డబ్బుకి నూటికి రూపాయి వడ్డీ వేసినా నెలకి 6,000. మిగిలిన పది వేలకి మీరు పొద్దున్న పది నుంచి రాత్రి తొమ్మిది దాకా కూర్చున్నారు, మీ అత్తగారు ఇంట్లో ఫాల్స్ కుట్టారు, మీ ఆయన ఆఫీసు నుంచి వచ్చి షట్టర్ దించారు. ఇదే పని ఇంకొకరి షాపులో చేస్తే మీ ఒక్కరికే పన్నెండు వేలు ఇచ్చేవారేమో. అంటే షాపు నడుస్తున్నది అమ్మకాల మీద కాదు, ఇంట్లోవాళ్లు ఊరికే చేసే చాకిరీ మీద. ఇలా నడపకూడదని నేను అనను. తెలిసి నడపండి, ఇంట్లోవాళ్లకి కూడా ఆ సంగతి తెలియనివ్వండి.

ఈ సంక్రాంతి ఒక్కటీ చూసి నిర్ణయం తీసుకుందామా?

సంక్రాంతి గల్లా చూసి మాత్రం ఏ నిర్ణయమూ తీసుకోవద్దు. మన జిల్లాల్లో సగం ఊళ్లు వలస మీద బతుకుతున్నాయి. హైదరాబాదు, చెన్నై, విశాఖ నుంచి జనం దిగేది ఆ నాలుగు రోజులే, అప్పుడు ఏ షాపు పెట్టినా అమ్ముతుంది. పైడితల్లమ్మ సిరిమానోత్సవం వారం కూడా అంతే. ఆ తర్వాత పెళ్లి ముహూర్తాలు, అవి అయ్యాక మళ్లీ దసరా. ఎప్పుడు చూసినా ముందు ఒక సీజన్ కనిపిస్తూనే ఉంటుంది, అదే మనల్ని ఏళ్ల తరబడి లాక్కొస్తుంది. పన్నెండు నెలల అమ్మకాలూ ఒక కాగితం మీద వేసి, మొత్తాన్ని పన్నెండుతో భాగించండి. ఆ సగటు మీ అద్దెనీ వడ్డీనీ మీ జీతాన్నీ మోయలేకపోతే పండగ వచ్చి చేసేదేమీ లేదు.

రీల్స్‌కి వేలల్లో వ్యూస్ వస్తున్నాయి, అమ్మకాలే లేవు. మార్కెటింగ్ సరిగ్గా చెయ్యట్లేదేమో?

కావచ్చు, తేల్చుకోవడం సులువే. ఎక్కడి నుంచి చూస్తున్నారో చూడండి. బెంగళూరు, అమెరికా నుంచి చూసేవాళ్లకి మీరు రోడ్డు మీద షాపు పెట్టి అద్దె కట్టడం ఎందుకు? అద్దె షాపు వదిలేసి ఇంటి నుంచి పార్సిళ్లు పంపి ఒక మూడు నెలలు చూడండి. వ్యాపారం బతికి, షాపు మాత్రం పోయిన కేసులు నాకు తెలుసు. ఇక రేటు ఎంత అని అడిగి మాయమైపోయేవాళ్లు మాత్రం కస్టమర్లు కారు, ప్రేక్షకులు.

మన సరుకు విలువ జనానికి తెలియదు అక్కా, తెలియజెప్తే కొనరా?

ఈ ప్రశ్నకి కొంచెం పెద్ద జవాబు ఉంది, ఎందుకంటే నేనూ చాలాకాలం ఇదే మాట నమ్మిన మనిషిని.

పొందూరు ఖద్దరే తీసుకోండి. ఇక్కడి పత్తిని వాలుగ చేప దవడ పళ్లతో దువ్వుతారు, తర్వాత ఏకడం, వడకడం, నేయడం అన్నీ చేత్తోనే. ఆ దవడ ముక్కని కౌంటర్ మీద పెట్టి చూపించేదాన్ని. చూసినవాళ్లందరూ ముచ్చట పడేవారు, పిల్లలు ఫొటోలు తీసుకునేవారు. విలువ తెలియక కాదు, బాగానే తెలుస్తుంది. కొన్న పంచె ఏళ్ల తరబడి కడతారు, అంతే, మళ్లీ రారు. బొబ్బిలి వీణ సంగతీ ఇంతే, పనస చెక్కతో గొల్లపల్లిలో చేసే ఆ వీణని ఒక ఇల్లు ఒక తరానికి ఒకటి కొంటుంది. బుడితి ఇత్తడి చెంబు అమ్మమ్మ నుంచి మనవరాలికి వస్తుంది. నిలిచే గుణమే ఆ సరుకు గొప్పతనం, నెలనెలా అద్దె కట్టే షాపుకి అదే పెద్ద చిక్కు.

పొందూరులో 1949 నుంచి ఖాదీ సంఘం ఉంది. వడికేవాళ్లూ నేసేవాళ్లూ ఎందరో కలిసిన వ్యవస్థ అది, దేశమంతా కొనేవాళ్లు ఉన్నారు. అలాంటి సరుకుని ఒక వ్యవస్థ మొయ్యగలదు, గంటస్తంభం దగ్గర అద్దెకి తీసుకున్న ఒక గది మొయ్యలేదు. జనాన్ని తిట్టుకోవడం ఆపితే ఈ లెక్క కనిపిస్తుంది.

## మూసేటప్పుడు

మూసేస్తున్నామని ముందు ఎవరికి చెప్పాలి?

షాపులో పనిచేసే అమ్మాయికి. ఆమెకి బయటివాళ్ల నోట తెలిస్తే చాలా బాధగా ఉంటుంది, పైగా ఇంకో పని చూసుకోవడానికి కనీసం నెల టైము కావాలి. తర్వాత సరుకు ఇచ్చే నేతవాళ్లకి, ఎందుకంటే వాళ్లు మీ ఆర్డరు నమ్ముకుని నూలు కొని ఉంటారు. ఆ తర్వాత అడ్వాన్సులు ఇచ్చిన కస్టమర్లు, షాపు ఓనరు. బంధువులకి ఆఖర్న చెప్పండి, ఎలాగూ మీరు చెప్పేలోపే వాళ్లకి తెలిసిపోతుంది.

మిగిలిపోయిన సరుకు ఎలా వదిలించుకోవాలి?

మొదటి రోజే సగం రేటు బోర్డు పెట్టకండి. మొదటి రెండు వారాలు ఇరవై శాతం తగ్గింపు, పాత కస్టమర్లకి మాత్రమే ఫోన్ చేసి చెప్పండి, మంచి పీసులన్నీ వాళ్లే తీసుకుంటారు. తర్వాత అందరికీ ముప్ఫై. ఆఖర్న మిగిలిన ముతక సరుకుని ఏకమొత్తంగా ఎవరికైనా ఇచ్చెయ్యండి, దాని మీద బెంగ పెట్టుకోవద్దు. షాపులో ఏనాడూ అడుగుపెట్టని చుట్టాలు కూడా ఈ నెలలో వస్తారు, వచ్చి ఇంకా తగ్గించమంటారు, నవ్వుతూ బిల్లు రాసెయ్యండి.

బట్టల షాపువాళ్లకి ఒక హెచ్చరిక. ఖాదీ మార్కు ట్యాగు లేని గుడ్డని ఖాదీ అని అమ్మడానికి వీల్లేదు, దీనికి 2013 నాటి నిబంధనలు ఉన్నాయి. క్లియరెన్స్ హడావుడిలో చేనేతనీ ఖాదీనీ ఒకే కుప్పగా పోసి బోర్డు పెట్టేస్తుంటారు, రెండూ విడివిడిగా పెట్టండి.

గాజు కౌంటర్లు, బొమ్మలు, ర్యాకులు, ఇన్వర్టరు మర్చిపోకండి. కొత్తగా షాపు పెట్టేవాళ్లు ఎప్పుడూ ఉంటారు కాబట్టి సరుకు కంటే ఇవే తొందరగా అమ్ముడవుతాయి.

జీఎస్టీ నంబరు రద్దు చేసుకోవాలా, అలాగే ఉంచుకోవాలా?

అదే పాన్ మీద, మీ పేరు మీదే వెంటనే ఇంకో వ్యాపారం పెడుతుంటే రద్దు అక్కర్లేదు. షాపు పేరూ చిరునామా మారితే పోర్టల్లో సవరణ పెట్టాలి, మార్పు జరిగిన 15 రోజుల్లోపు పెట్టాలి. కొత్త సరుకుల్ని కూడా అందులోనే చేర్చుకోవచ్చు.

వ్యాపారమే మానేస్తుంటే ఆర్ఈజీ-16 ఫారంలో రద్దుకి దరఖాస్తు చెయ్యండి. అప్పటికి మీ దగ్గర ఉన్న సరుకు మీద ఇన్‌పుట్ క్రెడిట్, అంటే కొన్నప్పుడు కట్టిన జీఎస్టీని మీ పన్నులోంచి తగ్గించుకోవడం, మీరు వాడుకుని ఉంటే అది తిరిగి కట్టాల్సి వస్తుంది, కాబట్టి సరుకు తగ్గించుకున్నాకే రద్దుకి వెళ్లడం మంచిది. రద్దయ్యాక జీఎస్టీఆర్-10 అని ఆఖరి రిటర్ను ఒకటి ఉంటుంది, దాన్ని మూడు నెలల్లోపు వెయ్యాలి. చాలామంది రద్దయిపోయింది కదా అని ఇది వదిలేస్తారు, తర్వాత ఆలస్య రుసుము నోటీసు చూసి లబోదిబోమంటారు. షట్టర్ దించేసి నంబరు అలా వదిలేస్తే మరీ ఘోరం, అమ్మకం సున్నా అయినా రిటర్ను మాత్రం వెయ్యాల్సిందే.

అచ్చయిన పుస్తకాల మీద జీఎస్టీ లేదు. వాటినొక్కటే అమ్మినవాళ్లకి అసలు నంబరే ఉండకపోవచ్చు. అలాంటివాళ్లు పన్ను పడే సరుకులోకి మారితే మన ఆంధ్రప్రదేశ్‌లో ఏడాది అమ్మకం 40 లక్షలు దాటేదాకా నంబరు తప్పనిసరి కాదు గానీ, హోల్‌సేల్ కస్టమర్లు బిల్లు అడుగుతారు, అందుకని తీసుకోవడమే నయం.

ముద్రా లోను ఇంకా ఉంది. మూస్తున్నామని చెబితే బ్యాంకువాళ్లు మీద పడిపోతారా?

చెప్పకపోతేనే పడతారు. లోను ఇచ్చినప్పుడు మీ సరుకునే బ్యాంకుకి తనఖా కింద రాయించుకుని ఉంటారు, అది వాళ్లకి తెలియకుండా మొత్తం అమ్మేసి ఇంటి ఖర్చులకి వాడేస్తే తప్పు మీ మీదకి వస్తుంది. క్లియరెన్స్ మొదలుపెట్టే ముందే వెళ్లి మేనేజరుతో మాట్లాడండి. సరుకు అమ్మిన డబ్బు అదే ఖాతాలో వెయ్యండి. ఓవర్‌డ్రాఫ్ట్ అయితే మిగిలిన బాకీని నెలవారీ వాయిదాలుగా మార్చమని అడగండి. వన్ టైమ్ సెటిల్‌మెంట్, అంటే ఒకేసారి కొంత కట్టి బాకీ ముగించడం, తక్కువలో పోతుందని ఆశ పడకండి, మీ అప్పుల చరిత్ర చూపించే సిబిల్‌లో అది సెటిల్డ్ అని కనిపిస్తుంది, కొత్త వ్యాపారానికి లోను కావాల్సినప్పుడు అదే అడ్డం పడుతుంది.

చీటీ పాడి తెచ్చిన డబ్బూ, చేబదుళ్లూ వేరే సంగతి. వాటికి కాగితాలు ఉండవు, మొహమాటాలు ఉంటాయి. ఎవరికి ఏ నెలలో ఎంత ఇస్తారో మీరే ఇంటికి వెళ్లి చెప్పండి. వాళ్లు అడగడానికి వచ్చేదాకా ఆగితే మాట తీరు మారిపోతుంది.

నష్టమే వచ్చింది కదా, ఐటీ రిటర్న్ వెయ్యడం దేనికి?

ఆ నష్టం రేపు పనికొస్తుంది కాబట్టి. వ్యాపార నష్టాన్ని ఎనిమిదేళ్ల దాకా ముందుకి తీసుకెళ్లి, వచ్చే వ్యాపార లాభంలోంచి తగ్గించుకోవచ్చు. పాత వ్యాపారం మూసేసినా సరే, కొత్త వ్యాపారం లాభంలోంచి కూడా తగ్గించుకోవచ్చు. షరతు ఒక్కటే, నష్టం వచ్చిన ఏడాది రిటర్ను గడువు లోపల వేసి ఉండాలి.

కరెంటు డిపాజిట్, ట్రేడ్ లైసెన్స్ లాంటివి?

మీటరు మీ పేరు మీద ఉంటే సర్వీసు తీసేయించుకుని ఈపీడీసీఎల్ దగ్గర డిపాజిట్ వెనక్కి అడగండి. ఓనరు పేరు మీద ఉంటే ఆఖరి బిల్లు కట్టి రసీదు దాచుకోండి. మున్సిపాలిటీలోనూ లేబర్ ఆఫీసులోనూ షాపు మూసినట్టు కాగితం ఇచ్చి, ముద్ర వేయించుకున్న కాపీ తెచ్చుకోండి.

## కొత్తది ఎంచుకునేటప్పుడు

ఏ వ్యాపారం పెడితే గ్యారంటీగా నడుస్తుంది?

గ్యారంటీ మాట ఎవరన్నా వాళ్ల దగ్గర్నించి లేచి వచ్చెయ్యండి. నేను చూసుకున్నవి నాలుగే: కొన్న మనిషి నెల తిరక్కుండా మళ్లీ కొంటాడా, సరుకు పాడవుతుందా, కొనేవాళ్లకి అప్పు ఎంత ఇవ్వాలి, నాకు జ్వరం వస్తే ఇంకొకరు కూర్చుని అమ్మగలరా.

ప్యాకింగ్ సామాన్లలో మొదటిది నూటికి నూరు పాళ్లు ఉంది. కర్రీ పాయింటు అతను వారానికి రెండుసార్లు వస్తాడు, చీర రంగు నచ్చిందా లేదా అని గంటసేపు ఆలోచించడు, కవరు సైజు చెప్పి డబ్బు ఇచ్చి వెళ్లిపోతాడు. స్వీటు షాపులకి అరకిలో, కిలో డబ్బాలు కట్టల్లెక్కన పోతాయి. విస్తళ్లు కుట్టే అడ్డాకులు మన్యం వైపు నుంచి వస్తాయి, ముహూర్తాలు ఉన్న నెలల్లో వాటికి కొరత. పాడయ్యేది దాదాపు లేదు, తేమ తగలకుండా అట్టలు నేల మీద నుంచి ఎత్తులో పెడితే చాలు.

ఇబ్బంది అంతా మూడోదానితోనే. కేటరింగ్ వాళ్లు పెళ్లి అయ్యాక ఇస్తామంటారు, ఏ పెళ్లి అయ్యాకో చెప్పరు. కొత్తవాళ్లకి నేను నగదుకే ఇస్తాను. పాతవాళ్లకి ఒక బిల్లు బాకీ ఉండనిస్తాను, రెండోది కాదు.

ఈ లైనులోకి వచ్చేవాళ్లు చట్టం కూడా తెలుసుకోవాలి. 2022 జులై 1 నుంచి ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్పూన్లు, స్ట్రాలు నిషేధం, స్వీటు డబ్బా మీద చుట్టే పల్చటి ప్లాస్టిక్ ఫిల్ము కూడా అందులోనే ఉంది. 120 మైక్రాన్ల లోపు క్యారీ బ్యాగులు ఆ ఏడాది చివర్నుంచి ఆగిపోయాయి. పాత స్టాకు చవగ్గా ఇస్తామని ఎవరో ఒకరు తెస్తూనే ఉంటారు, ఆశపడి కొంటే అధికారులు వచ్చిన రోజు సరుకూ పోతుంది, జరిమానా కూడా పడుతుంది.

పలాసలో జీడిపప్పు వ్యాపారం అందరూ చేస్తున్నారు, మేమూ దిగుదామా?

పిక్కలు కొట్టే యూనిటా, పప్పు కొని ప్యాకెట్లు కట్టి అమ్మడమా, ముందు అది తేల్చుకోండి. యూనిట్ అయితే పిక్కలు వచ్చేది ఎండాకాలంలో, ఏడాదికి సరిపడా అప్పుడే కొని పెట్టుకోవాలి, అంటే మదుపు అంతా గోదాములో కూర్చుంటుంది. ఇక్కడి పంట చాలక ఆఫ్రికా పిక్కలు కూడా వస్తాయి, వాటి రేటు మీ చేతిలో ఉండదు. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను ఉద్దానం తోటల్ని ఎలా పడగొట్టిందో ఆ వైపు ఎవరిని అడిగినా చెప్తారు. చిన్న మదుపుతో వచ్చేవాళ్లకి ప్యాకెట్లు కట్టి అమ్మడమే నయం. గ్రేడు నేర్చుకోండి: 180, 240, 320 అని చెప్పే అంకె ఒక పౌనుకి వచ్చే పప్పుల లెక్క, అంకె పెరిగేకొద్దీ పప్పు చిన్నది. బద్దలోనూ ముక్కలోనూ వ్యాపారం బాగుంటుంది, స్వీటు షాపులకి కావల్సింది అవే.

భోగాపురం ఎయిర్‌పోర్టు వైపు ఇప్పుడే షాపు తీసుకుంటే?

విమానాల కంటే ముందు అద్దెలు ఎగిరాయి. రేపు వచ్చే జనాన్ని చూసి ఇవాళ అద్దె కట్టే స్తోమత ఉన్నవాళ్లు చెయ్యొచ్చు, ఒక వ్యాపారం మూసి వస్తున్న మనకి అది కాదు.

కొత్తదానికి సబ్సిడీ లోను దొరుకుతుందా?

పీఎంఈజీపీ అంటే కేంద్రం సబ్సిడీతో బ్యాంకు ఇచ్చే లోను. ముందు ఒకటి గుర్తుపెట్టుకోండి, అందులో మొదటి లోను కొత్త యూనిట్లకి మాత్రమే, అదివరకు ఏదైనా ప్రభుత్వ సబ్సిడీ తీసుకున్న యూనిట్‌కి రాదు, కుటుంబంలో ఒక్కరికే ఇస్తారు. పాత షాపు ఆ పథకంలోనే పెట్టి ఉంటే ఇంకో జాగ్రత్త ఉంది. సబ్సిడీ సొమ్ము మూడేళ్లు బ్యాంకులోనే డిపాజిట్‌గా ఉంటుంది, ఈలోగా యూనిట్ మూస్తే అది వెనక్కి పోవచ్చు. కొద్ది నెలలే మిగిలి ఉంటే ఓపిక పట్టండి.

ముద్రాలో సబ్సిడీ ఉండదు, ముందు చెప్పిన సరుకు తనఖా తప్ప వేరే తాకట్టు కూడా ఉండదు. శిశు 50,000 దాకా, కిశోర్ 5 లక్షల దాకా, తరుణ్ 10 లక్షల దాకా. తరుణ్ పూర్తిగా తీర్చినవాళ్లకి 20 లక్షల దాకా ఇస్తారు. దరఖాస్తు పెట్టేముందు జిల్లా పరిశ్రమల కేంద్రానికి ఒకసారి వెళ్లి రండి. ఫైలు కదిలిస్తామని డబ్బు అడిగే మధ్యవర్తులకి దూరంగా ఉండండి. చిన్న వ్యాపారాలకి ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌కి రూపాయి ఖర్చు లేదు, దానికి కూడా ఫీజు అడిగేవాళ్లు ఉన్నారు.

## మారాక

నలుగురూ ఏమనుకుంటారో అని టెన్షన్‌గా ఉంది.

అనుకుంటారు. మా ఆయన వైపు పెద్దమ్మగారు ఒకరు "పట్టుచీరలమ్మే చేత్తో పేపర్ ప్లేట్లు అమ్ముతున్నావేటమ్మా" అన్నారు. వాళ్లింట్లో పెళ్లికి విస్తళ్లు నా దగ్గరే తీసుకున్నారు, తగ్గించమని కూడా అడిగారు. ఒక ఆర్నెల్లు ఈ మాటలు ఉంటాయి, తర్వాత ఇంకొకరి సంగతి దొరుకుతుంది.

కొత్త పనిలో డబ్బు బాగానే ఉంది గానీ మనసు పెట్టలేకపోతున్నాను. ఇది తప్పా?

తప్పేమీ కాదు, మనసు పెట్టకపోయినా నడవడమే ఈ వ్యాపారంలో సుఖం. ఏడింటికి షట్టర్ దించి ఇంటికొస్తే తల ఖాళీగా ఉంటుంది. పాత షాపులో రాత్రి పదింటికి కూడా కలర్ కాంబినేషన్లు ఆలోచించేదాన్ని, పిల్లలతో మాట్లాడుతున్నా అవే. అయితే ఏడాది దాటినా పొద్దున్న షాపుకి వెళ్లడానికి కాళ్లు రావట్లేదంటే అది విసుగు కాకపోవచ్చు, ఆ పని మీకు సరిపడలేదేమో చూసుకోండి. నేను ప్యాకింగ్‌లోకి వచ్చాను కదా అని మీరూ ప్యాకింగే చెయ్యాలని ఏముంది?

పాతదాన్ని పక్కన చిన్నగా కొనసాగించొచ్చా?

అద్దె లేకుండా, సరుకు నిల్వ లేకుండా అయితే నిక్షేపంగా. ఆర్డరు వచ్చాక, పూర్తి డబ్బు చేతికి వచ్చాక మాత్రమే తెప్పించండి. దానికో విడి బ్యాంకు ఖాతా పెట్టండి, కొత్త షాపు గల్లాలోంచి ఒక్క రూపాయి అటు వెళ్లనివ్వకండి. ఒక్కసారి వెళ్లిందంటే రెండు షాపులూ ఒకేసారి మునుగుతాయి. వీణ, సంగీతం నేర్పేవాళ్లకి ఇది ఇంకా సులువు, ఇంట్లో ముందుగది చాలు.

పాత కస్టమర్లు ఇంకా ఫోన్ చేస్తున్నారు, ఏం చెప్పాలి?

నేత ఇంటివాళ్లని ఒక మాట అడిగి, వాళ్లు సరేనంటే నంబరు నేరుగా ఇచ్చెయ్యండి. మధ్యలో కమిషన్ పెట్టుకోవద్దు, చీరలో లోపం వస్తే ఆ ఫోను మీకే వస్తుంది. ఫోను నంబరు మాత్రం మార్చకండి. చీరల కోసం ఫోన్ చేసిన ఒకావిడ కొడుకు ఇప్పుడు రాజాంలో బేకరీ పెట్టాడు, కేకు డబ్బాలన్నీ మా దగ్గరే కొంటున్నాడు.